ఆఫ్రికాకు సిద్ధం, కుప్పానికి కాదు

ఆ రోజుల్లో దేవుడికి ఏదైనా ఇవ్వడమంటే నాకు మహా సరదా. ఇరవై మూడేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, ఆదివారం ఆరాధనలో పాటలు నడిపించే గొంతు (బాగుందని ఎవరూ చెప్పనక్కర్లేదు, నేనే చెప్పుకునేవాణ్ణి). ఇన్ని ఉన్నవాడికి ఇవ్వడంలో కష్టమేముంటుంది? మదనపల్లెలో మా సంఘం యౌవనస్థుల కూటాలు మూడు రోజులు జరిగాయి. చివరి రోజు ప్రసంగీకుడు తలా ఒక తెల్లకాగితం పంచి, "అడుగున సంతకం పెట్టి ప్రభువుకివ్వండి. పైన ఏం రాసుకుంటాడో ఆయన ఇష్టం" అన్నాడు. అందరికంటే ముందు నేను లేచాను. సంతకం కింద రెండు గీతలు కూడా గీసి, మైకు అందుకుని, "ప్రభువా, నన్ను ఎక్కడికైనా పంపు, ఆఫ్రికాకైనా పంపు" అని ప్రార్థించాను. నా కళ్ల ముందు అప్పటికే విమానాశ్రయం, పూలదండలు, నన్ను సాగనంపుతూ కన్నీళ్లు పెట్టుకునే సంఘం.

రెండు వారాలు తిరగకముందే ఉత్తర్వు వచ్చింది. నేను ఒక పాల డెయిరీలో పనిచేసేవాణ్ణి. రైతులు తెచ్చిన పాలలో వెన్న శాతం చూడటం నా పని. నన్ను కుప్పానికి బదిలీ చేశారు. నేరుగా మేనేజరు గదికి వెళ్లి రద్దు చేయమని బతిమాలాను. ఆయన రోజూ విభూతి పెట్టుకుని వచ్చే నెమ్మదైన మనిషి. "యాలప్పా, ఆఫ్రికాకైనా పోతానని ఆఫీసంతా సెప్పుకుంటా తిరిగితివే. కుప్పం దానికన్నా దూరమా?" అన్నాడు. ఎగతాళి చేయడానికి అన్న మాట కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. నా సాక్ష్యం నాకంటే ఆయనకే బాగా గుర్తుంది.

ఇంటికొచ్చి బదిలీ ఆగాలని ఉపవాసం పట్టాను (ఒక పూటే లెండి). మా అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మ. ఆమెకు పిల్లల్లేరు, నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. అనపకాయలు ఒలుస్తూ కూర్చున్న ఆమెతో, "ఇది దేవుని చిత్తమో కాదో కనుక్కోవాల పెద్దమ్మా" అన్నాను. ఆమె తల ఎత్తకుండానే, "కనుక్కునేదేముండాదప్పా. తెల్లకాగితం ఇచ్చినావు, ఆయన రాసినాడు. రాసింది నీకు నచ్చలా, అంతే" అంది. కాయలన్నీ ఒలిచాక లేచి నా పెట్టె సర్దింది.

కుప్పంలో మా ఆరాధన ఒక రేకుల షెడ్డులో జరిగేది. పద్నాలుగు మందిమి. సగం మంది తమిళంలో పాడేవాళ్లు, సగం మంది తెలుగులో. నేను ఎత్తుకున్న శ్రుతి ఎవరికీ అందేది కాదు. వాళ్లు మాత్రం నొచ్చుకోకుండా, నేను ఆగినచోట తమ శ్రుతిలో మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఎనిమిది నెలలు ముఖం ముడుచుకునే ఉన్నాను.

అప్పుడొక మధ్యాహ్నం మదనపల్లె నుంచి పక్కింటావిడ ఫోన్ చేసింది. "మీ పెద్దమ్మకు పేగు మెలిక పడిందంటప్పా. ఆపరేషన్‌కు తీసకపోతాండారు. బిన్నే రా" అంది. చొక్కాకు పాల మరకలతోనే బస్సెక్కాను. దారంతా దేవుడితో బేరం. వి.కోట వచ్చేసరికి కాఫీ మానేస్తానన్నాను. పలమనేరులో సినిమాలు వదిలేశాను. ఆ తర్వాత పాడటం మానేస్తానన్నాను, పెళ్లి కూడా చేసుకోనన్నాను. పుంగనూరులో బస్సు చెడిపోయింది. దిగి స్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. అప్పటికి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఇన్నాళ్లూ నేను ఇచ్చినవన్నీ పోయినా నాకు నొప్పి పుట్టనివే అని అక్కడ తెలిసింది. పెద్దమ్మ ఒక్కతే నాకు కావాలి. ఆ మాటే దేవుడితో అన్నాను. ఇంకో బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చుని, చివరికి, "ఆమెను నీకే అప్పగిస్తున్నాను. నీ చిత్తం" అన్నాను. అనగానే నాకేమీ శాంతి కలగలేదు. భయం అలాగే ఉంది. పక్కన కూర్చున్న ముసలాయన నా వైపు చూసి తన నీళ్ల బాటిల్ అందించాడు.

నేను చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. గండం గడిచిందన్నారు. మూడో రోజు ఆమె కాస్త తేరుకున్నాక, మంచం పక్కన కూర్చుని, గొంతు గంభీరంగా పెట్టి బస్సు సంగతంతా చెప్పాను. "పుంగనూరులో నిన్ను దేవుడికి ఇచ్చేసినాను పెద్దమ్మా."

ఆమె, "నన్నా? నేనెప్పుడో ఆయనదాన్నే గదప్పా. నీ దగ్గర యాడుండాను, నువ్వు ఇచ్చేదానికి?" అని నవ్వబోయి, కుట్లు నొచ్చి, పొట్ట పట్టుకుని ఆగిపోయింది.

ఆ తర్వాత ఆమె కుప్పంలో నా దగ్గరే పదకొండేళ్లు బతికింది. పోయిన రోజు నేను పెద్ద మాటలేవీ మాట్లాడలేదు, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నానంతే. ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఇప్పటికీ పొద్దున్నే మోకరించినప్పుడు, ఆయనకు నేనేదో ఇస్తున్నట్టే ప్రార్థన మొదలుపెడతాను. సగంలో నవ్వొచ్చి ఆగిపోతాను.