అత్తయ్య పులుసులో వంటసోడా

పెళ్లయిన కొత్తలో చేసిన ఒక పని ఇన్నేళ్లుగా నా మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది. దొంగతనం కాదు, ఎవరి కొంపా కూల్చలేదు. గిన్నెడు పులుసు పాడుచేశాను, అంతే. అంతేనా? అంతే అయితే ఇవాళ మీ ముందు ఇంత నసగడం ఎందుకు?

నేను స్కూల్లో సైన్సు చెబుతాను. ఆమ్లం, క్షారం కలిస్తే రెండూ తమ గుణాలు పోగొట్టుకుని లవణం, నీరు అవుతాయని ఏటా బోర్డు మీద రాస్తాను. రాసిన ప్రతిసారీ భవానీపురంలోని మా వంటిల్లు గుర్తొచ్చి, పిల్లల వైపు తిరగడానికి కాసేపు పడుతుంది.

ఆ రోజు మావయ్యగారి అక్కగారు గుడివాడ నుంచి వచ్చారు. ఆవిడ మా అత్తయ్యలో మెచ్చుకునేది ఒక్కటే, ముక్కల పులుసు. అత్తయ్య పులుసు పొయ్యి మీద పెట్టి, ఉప్పు వేసి, స్నానానికి వెళ్లారు. నేను గరిటెతో కాస్త రుచి చూశాను. పళ్లు పులిసిపోయాయి. దించే ముందు బెల్లం వేస్తారన్న సంగతి నాకు తెలియదు. తెలియకపోతే అడగొచ్చుగా? అడిగితే డిగ్రీలో కెమిస్ట్రీ ఫస్టు వచ్చిన కోడలి పరువేం కావాలి! చింతపండులో ఉన్నది ఆమ్లం, వంటసోడా క్షారం. ఒక చెంచా వేశాను. పులుసు బుసబుసా పొంగి పొయ్యి మీద పడింది. ఆ నురగ చూసి మురిసిపోయి ఇంకో చెంచా వేశాను. తర్వాత పొయ్యి శుభ్రంగా తుడిచేశాను.

పులుపు పోయింది. దాని బదులు పుట్టిన లవణం మాత్రం ఎక్కడికీ పోలేదు, అత్తయ్య వేసిన ఉప్పుకు తోడై గిన్నెలోనే కూర్చుంది. అక్కగారు ఒక ముద్ద తిని, పులుసన్నం పక్కకు నెట్టి మజ్జిగ పోయించుకున్నారు.

అత్తయ్య వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగారు. "ఏమ్మా, ఉప్పు రెండుసార్లు గానీ వేశానంటావా?"

"వేసే ఉంటారు అత్తయ్యా. హడావుడిలో ఉన్నారుగా," అన్నాను.

ఎంత తేలిగ్గా అనేశానో! అప్పటినుంచీ ఆవిడ తన చేతిని నమ్మడం మానేశారు. ఏం వండినా ఉప్పు దగ్గరికి వచ్చేసరికి నన్నే పిలుస్తారు. పైగా మా కోడలు ఉప్పు వేస్తే తూకం వేసినట్టే ఉంటుందని పక్కింటివాళ్లకు గొప్పగా చెబుతారు. ఆ పొగడ్తలు వింటూ నేనూ నవ్వుతాను. సిగ్గుతో చస్తూ నవ్వుతాను.

ఎందుకు చెప్పలేదు? మొదట్లో భయం. తర్వాత ఆవిడ నన్ను కూతురిలా చూసుకోవడం మొదలుపెట్టాక, ఆ ప్రేమ ఎక్కడ పోతుందోనని ఇంకా పెద్ద భయం. చెబితే పగలబడి నవ్వుతారనే నా అనుమానం. నవ్వితే నేను ఏడ్చేస్తాను, అదీ నా బాధ.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కసారి ఈ మాట తిన్నగా అననివ్వండి, చాలు. ఆ రోజు అత్తయ్య ఉప్పు సరిగ్గానే వేశారు. ఆవిడ చెయ్యి ఎన్నడూ తప్పలేదు. తప్పు చేసింది నేను.

అబ్బ, రాసేశాను. ఆకలేస్తోంది.