ఎద్దు లెక్క

ఒక విమానం పోయింది. దాన్ని నడిపిన కుర్రాడు పోయాడు. మామయ్య ముఖంలో నవ్వు పోయింది. మొన్న టీవీలో పాత యుద్ధవిమానాలకు వీడ్కోలు చూస్తూ ఈ లెక్క మళ్లీ వేసుకున్నాను.

మామయ్య వైమానిక దళంలో మెకానిక్. నా చిన్నప్పుడు ఒకసారి సెలవుకొచ్చి, మిరప కళ్లంలో నాన్నతో, "మా విమానాలు ముసలివైపోయాయి బావా. ఆపేద్దామంటే కొత్తవి లేవు, సరిహద్దు ఖాళీ అవుద్ది" అన్నాడు.

నేను మధ్యలో దూరాను. "మన ముసలెద్దును కబేళాకి తోలామా? మెల్లగా దున్నుకుంటన్నాంగా. నువ్వూ అట్నే తోలు మామయ్యా!"

"ఓరి నీ దుంప తెగ! అట్నేలే" అని నవ్వాడు.

మరుసటి ఏడు, ఆయన సిద్ధం చేసి పంపిన విమానమే కూలింది. నా మాట విన్నందుకే అనుకుని, మామయ్య ఇంటికొస్తే బస్తాల వెనక దాక్కున్నాను.

పిల్లాడి మాటకు విమానాలు ఎగరవని తర్వాత తెలిసింది. కానీ ఎద్దు మొరాయిస్తే అరక ఆగుతుంది, అంతే. విమానంలో మనిషుంటాడు. ఆ ఒక్కడిని నేను లెక్కలో వేయలేదు. ఆ ఒకటి ఇప్పటికీ బాకీయే.