నూట పన్నెండో పేజీలో నీళ్లు

“నీళ్లతో కడిగి, వెచ్చటి గాలికి ఆరబెట్టాలట! నువ్వే చదువు తమ్ముడూ, నా కళ్లు మోసం చేస్తున్నాయేమో.”

చదివాను. కొత్తగా అచ్చయిన ల్యాబు పాఠ్యపుస్తకం, నూట పన్నెండో పేజీ, నాలుగో పేరా. అచ్చంగా అలాగే ఉంది.

మైక్రోస్కోపులు బాగుచెయ్యడానికి ఆ కాలేజీకి నెలకోసారి వెళ్తాను. నాతో ఆ పేజీ చదివించినావిడే అక్కడి సూక్ష్మ సెన్సర్ల ల్యాబులో ఇరవై రెండేళ్లుగా ఇన్‌స్ట్రక్టర్. దగ్గరికొచ్చిన ప్రతివాళ్లనీ “ఊపిరి బిగబట్టు, చిప్పు ఎగిరిపోద్ది” అంటుంది కాబట్టి పిల్లలు పెట్టిన పేరు ఊపిరక్క. ఆ పేరుతో పిలిచినా పలుకుతుంది.

“నీళ్లయితే ఏమవుతుందక్కా?”

“ఇటు రా, చూడు.” లెన్సు కింద చిప్పు మీద, వెంట్రుకలో పదో వంతు మందం కూడా లేని దూలాలు వరసగా ఉన్నాయి. కదిలిస్తే వంగి కబురు చెప్పేవి కొన్ని, కరెంటిస్తే తోసేవి కొన్ని. “కింది పొరని యాసిడ్‌తో కరిగిస్తే ఇవి గాల్లో నిలబడతాయి. నీళ్లలోంచి తీసి ఊరికే ఆరబెట్టావా, ఆఖరి చుక్క వీటిని కిందికి లాగేస్తుంది. తడి జుట్టు నుదుటికి అంటుకున్నట్టు అంటుకుంటాయి. మళ్లీ లేవవు. నీళ్ల తర్వాత ఆల్కహాల్లో ఉంచాలి, తర్వాత ఆ మూలనున్న మెషీన్లో ఆరబెట్టాలి. పుస్తకంలో ఆ రెండూ లేవు.”

పుస్తకం రాసింది డిపార్ట్‌మెంటు పెద్దసారు. మూల్యాంకనం చెయ్యమని ఆవిడకే పంపారు. ఫారంలో ఆరు ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు గళ్లు. బొమ్మలు స్పష్టంగా ఉన్నాయా? కాగితం నాణ్యంగా ఉందా? రాసింది నిజమేనా అని మాత్రం ఎక్కడా అడగలేదు. ఈ తప్పు గురించి ఆవిడ అంచున చిన్నక్షరాలతో రాస్తే, గళ్లలో ఉన్నదే కంప్యూటర్లోకి ఎక్కుతుందని చెప్పి గుమాస్తా ఆ అంచు మీదే ముద్ర కొట్టాడట.

“మరి సారుతో చెప్పలేదా?”

“చెప్పకేం! అచ్చయిపోయిందమ్మా, వచ్చే ముద్రణలో చూద్దాం, ఈలోపు మీరు ల్యాబులో చెప్తారుగా అన్నారు. వచ్చే నెల నా రిటైర్మెంటు సార్ అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీసి, ఇది మీ రాతే కదా అన్నారు.”

ఆవిడ రాతే. ల్యాబు మొదలైన ఏడాది రాసుకున్నది. ఆ రెండు మెట్లు అప్పటికి ఆవిడకీ తెలియవు.

“ఇది రాసేటప్పుడు సారు నా ప్రాక్టికల్స్ నోటుపుస్తకం ఇవ్వమని అడిగారు తమ్ముడూ. తర్వాత దిద్ది రాసుకున్న సరైనదేమో యాసిడ్ మరకలతో, చిరుగులతో ఉంది. పెద్దసారుకి అలాంటిది ఏం ఇస్తాంలే అని, అట్ట వేసి నీటుగా ఉన్న పాతది ఇచ్చాను. తేడా ఉందని చెప్పాలన్న బుద్ధి నాకుండొద్దూ! ముందుమాటలో నాకు కృతజ్ఞతలు కూడా చెప్పారు, చూశావా? చక్కగా నా పేరు రెండో వరసలో.”

నవ్వబోయింది, నవ్వు రాలేదు. పుస్తకం మూసి, మళ్లీ అదే పేజీ తెరిచింది.

“నా బాధ చిప్పుల గురించి కాదు. ఆ ఏడాది మూడు నెలలు, ఒక్క దూలమూ నిలబడలేదు. నా చెయ్యే మంచిది కాదనుకున్నాను. ఉద్యోగం మానేద్దామని కాగితం కూడా రాసుకున్నాను. ఇప్పుడు పిల్లలూ అలాగే అనుకుంటారు. పుస్తకాన్ని అనుమానించరు కదా, తమనే అనుమానించుకుంటారు.”

కొత్తగా వచ్చే ఇన్‌స్ట్రక్టర్‌తో చెప్పొచ్చుగా అన్నాను. ఇంకా ఎవరినీ వేయలేదట. వేసినా, అచ్చయిన పుస్తకాన్ని కాదని చిరుగుల నోటుబుక్కు మాట వినేదెవరు అంది.  పెట్టె సర్దుకున్నాను.

గుమ్మం దాకా వచ్చి, నా సంచి పట్టుకుని ఆపింది.

“వచ్చే నెల నుంచీ నువ్వయితే వస్తావుగా. మరకల పుస్తకం బీరువా రెండో అరలో, గ్లౌజుల డబ్బా కింద పెట్టాను. ఏ పిల్లైనా మైక్రోస్కోపు దగ్గర మొహం వేలాడేసుకుని కూచుంటే, తీసి చూపించు. ముందు మాత్రం, నీ చెయ్యి మంచిదేనమ్మా అని చెప్పు. మర్చిపోకు.”