గారపళ్ళ నవ్వు

మా బడి డ్రిల్లు సారు పోయినాడని సోమవారం పొద్దున పాలప్యాకెట్ల అంగడి దగ్గర తెలిసింది. సాయంత్రానికి బడి గేటుకు ఆయన ఫ్లెక్సీ కట్టారు. ఒకప్పుడు ఆయన్ను ఆ గేటు బయటికి పంపినవాళ్ళే కట్టారు. నేను అదే బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మర్యాద కోసం మరిచిపోయే వయసు కాదు నాది.

ఆయనది ఫ్లోరైడు నీళ్ళ పల్లె. పళ్ళ నిండా గోధుమరంగు చారలు. అయినా అనంతపురంలో అంత నోరారా నవ్వేవాణ్ణి నేను చూడలేదు. అవే నీళ్ళు తాగిన ఒక పిల్ల మా బడిలో తొమ్మిదో తరగతిలో చేరింది. మగపిల్లలు ఆమె బెంచీ మీద రోజూ సుద్దముక్క పెట్టేవాళ్ళు. "తోముకో మే, తోముకొని నవ్వు" అనేవాళ్ళు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని జవాబు చెప్పేది. తర్వాత జవాబులూ మానేసింది. బడే మానేస్తానని ఇంట్లో ఏడ్చిందట.

డ్రిల్లు సారు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మధ్యాహ్నం క్యారియరు తెచ్చుకుని ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాడు. "చెయ్యి తీయమ్మా. నీళ్ళు చేసిన పనికి నువ్వెందుకు దాక్కుంటావు? నా పళ్ళు చూడు" అని నవ్వాడు. ఆ తర్వాత, బడి కరస్పాండెంటు మనవణ్ణి, ఆ సుద్దముక్కల జట్టుకు పెద్దను, తరగతి ముందు నిలబెట్టి ఆ పిల్లకు క్షమాపణ చెప్పించాడు.

మర్నాటికి, ఆయన ఆ పిల్లవాణ్ణి కొట్టాడన్న మాట పుట్టింది. కొట్టలేదని హెడ్మాస్టరుకు తెలుసు. అప్పుడు వరండాలోనే ఉన్నాడు. విచారణలో "నేను చూడలేదప్పా" అన్నాడు. మిగతా అయ్యవార్లదీ అదే మాట. రోజూ ఆయన క్యారియరులోని చెనక్కాయల చట్నీ తిన్న నోళ్ళు అవి. కొట్టలేదని నేను చెప్పింది మాత్రం ఎవరికీ వినబడలేదు.

ఉద్యోగం పోయాక కూడా, ఆ పిల్ల పదో తరగతి అయ్యేదాకా, సాయంత్రం బస్టాపులో మెడలో విజిలుతో నిలబడేవాడు. ఆమె బస్సు కదిలాకే ఇంటికి పోయేవాడు. వాళ్ళ మీద కోపం లేదా అని ఒకసారి అడిగాను. "కోపం నీ దగ్గరే ఉండనీలే అన్నా. నాకు బస్సు టైమయితాండాది" అన్నాడు.

నా దగ్గరే ఉంది.

ఆ గేటు ముందే పెట్టిన సంతాపసభలో అప్పటి హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. ఆ పిల్ల కూడా వచ్చింది, ఇప్పుడు నర్సు. ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూసింది. మైకు చేతికిస్తే ఒకటే అడిగింది: "మా సారు పళ్ళు ఎవరు తెల్లగా చేసినారు?"

"చూసేకి బాగుంటాదని మేమే స్టూడియోవాళ్ళకు చెప్పినాంలేమ్మా" అన్నాడు హెడ్మాస్టరు.

ఆమె మైకు దించలేదు. పైన ఎవరివో తెల్లని పళ్ళతో డ్రిల్లు సారు. కింద ఆమె, ఆ నీళ్ళ చారలున్న పళ్ళతో, సుద్దముక్క దగ్గర నుంచి మొదలుపెట్టి జరిగిందంతా చెబుతోంది. చెయ్యి నోటి దాకా పోలేదు.