పేరు పెట్టిన ముంగిస

ఈ సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మా ఆవిడ పెరటి గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో కొబ్బరిచిప్ప, అందులో నత్తలు. అవి ఎవరికి పెట్టాలో ఇక ఆమెకు తెలియదు.

మా పెరట్లోకి ఒక ముంగిస వచ్చేది. కొల్లేటి చేపల గంప తెచ్చే మనిషిని అడిగి మా ఆవిడ దానికోసం నత్తలు, చిన్న పీతలు తీసుకునేది. నేనొకసారి ఎండుచేప ముక్క వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉప్పు దానికి పడదండీ" అంది. అంత జాగ్రత్త మనిషి. బుజ్జి అని పేరు కూడా పెట్టింది. పిలిస్తే చాలు, అరటి బోదెల చాటు నుంచి పరుగెత్తుకొచ్చేది.

ఈ పొద్దున పక్కింటి సుబ్బయ్యగారి కోడిపిల్లల్ని ముంగిస పట్టుకుపోయిందట. నన్ను చూసి ఆయనే కంచె దగ్గరకొచ్చారు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. కర్ర పట్టుకుని పొద్దుటి నుంచీ వెతికానండీ, కనపడలేదు. ఆఖరికి అమ్మగారు పిలిచినట్టే 'బుజ్జీ' అని పిలిచానండీ. వచ్చేసిందండీ."

ఆ చివరి మాట అంటూ, దాన్ని కొట్టిన కర్రను ఆయన కంచె కింద పడేశారు. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

దానికి ఏ తిండి పెట్టాలో, ఏది పెట్టకూడదో అన్నీ తెలుసుకున్నాం, ఒక్కటి తప్ప. మీ పెరట్లోకి ఏ అడవి ప్రాణైనా వస్తే తిండి పెట్టండి, పేరు మాత్రం పెట్టకండి. కాదనేవారుంటే వచ్చి, పేరు పెట్టడం తప్పు కాదని మా ఆవిడకు నచ్చజెప్పండి. నా వల్ల కావడం లేదు.