స్పానిష్ సినిమాకు నాన్నతో

అమ్మ పోయి ఏడాదిన్నర. నేను దేశ రాజధానిలో, ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో బి.ఏ. చదువుతున్నాను. మా గవర్నమెంటు క్వార్టర్‌లో అమ్మ ఊసెత్తకూడదు. అలాగని నాన్న నోటితో చెప్పలేదు. ఎత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవారు. ఇక చెప్పడమెందుకు!

నేను ఫిల్మ్ సొసైటీలో చేరిన సంగతి ఆయన ఆఫీసులో ఎవరో చేరవేశారు. సొసైటీలో వేసే విదేశీ సినిమాలకు సెన్సారు కత్తెర పడదని ఆ రోజుల్లో మగవాళ్లు ఎగబడేవారు. ఆ క్యూలోనే నేనూ కనబడ్డానట.

“ఆ బూతు సినిమాలకి ఆడపిల్లవి నువ్వెళ్లటమేంటి? నేను ఆఫీసులో తలెత్తుకోవద్దా? ఆ సొసైటీ కార్డు ఇటియ్యి.”

“ఇవ్వను. ఆదివారం మీరే వచ్చి చూడండి. బూతుంటే నేనే చించేస్తాను.”

వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనిఖీకి వచ్చినట్టే.

స్పెయిన్ సినిమా. తల్లి పోయిన ఇల్లు. సంగీతం లేదు. మూసిన కిటికీల చీకట్లో ఎర్రటి మిరపకాయలు తరుగుతున్న కూతురి చేతులు. వెల్లుల్లి నూనెలో చిటపటమంటే ఆ ఘాటు నా ముక్కుకు తగిలింది. తల్లి వండే కూర అది. తండ్రి ముట్టుకోడు.

“అరే యార్, ఇస్మే తో కుఛ్ నహీ హై, చలో!” అంటూ, తను ఆశించిన బూతేమీ లేదని వెనక ఒకడు లేచాడు. వాడితో పాటు అరడజను మంది. పీడా విరగడైంది.

తర్వాత ఆ పిల్ల తల్లి బట్టల్లో మొహం దాచుకుంది. ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఎంతసేపని! నాన్న లేచి నిలబడ్డారు.

“పద.”

“నేను రాను. అయ్యేదాకా చూస్తాను.”

ఆయన వెళ్లిపోయారు. నేను కదల్లేదు.

బయటికొచ్చేసరికి బస్టాపులో నిలబడి ఉన్నారు.

“బూతెక్కడుంది నాన్నా?” అడిగాను. ఆయన బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశారు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. నాకు ఒళ్లు మండిపోతోంది. ఇక దాచుకోదలచుకోలేదు.

“పోయిన రోజంతా అమ్మ ఆస్పత్రిలో గుమ్మం వైపే చూసింది. మీరు ఆఫీసు మీటింగులో ఉన్నారు. వచ్చేస్తున్నారని నేనే అబద్ధం చెప్పాను.”

నాన్న చుట్టూ చూశారు. “ఇక్కడొద్దమ్మా.”

“మరెక్కడ? ఇంట్లోనూ వద్దేగా?”

అందరూ చూస్తే చూడనీ అనుకుని గట్టిగానే చెప్పుకుపోయాను. అమ్మ ఆయన కోసం ఎన్నిసార్లు అడిగిందో, చివరికి అడగడం ఎప్పుడు మానేసిందో. మా స్టాపు వచ్చింది, పోయింది. ఆయన దిగుదామనలేదు. నేను చెప్పడం ఆపలేదు.