తెల్లపువ్వుల నారు

మార్చి రెండో సోమవారం పొద్దున్నే ఇర్మెలి మొక్కల నర్సరీ గేటు దాటేసరికి బయట మోకాలి లోతు మంచు ఉంది. గ్రీన్‌హౌస్ తలుపు తోసి లోపలికి అడుగుపెట్టగానే కళ్ళద్దాలు ఆవిరి పట్టేశాయి. ఆమె అలాగే నిలబడి తడిమట్టి వాసనను గుండెనిండా పీల్చుకుంది. పద్నాలుగేళ్ళుగా ప్రతి వసంతానికీ ఆమె ఈ పనిలోకే వస్తోంది. జూన్ చివర్లో వచ్చే మిడ్‌సమ్మర్ పండుగ దాటాక మానేస్తుంది, మళ్ళీ మార్చిలో పిలుపు వస్తుంది. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. ఆమె వేళ్ళు ఏం చేయాలో ఆమెను అడగవు.

"బతికే ఉన్నావా? చలికాలం నిన్ను మింగేసిందనుకున్నా" అంది తోటి పనిమనిషి సిర్కా, బల్ల దగ్గర నుంచి తల ఎత్తకుండానే.

"మింగబోయింది. గొంతులో అడ్డం పడ్డా" అంది ఇర్మెలి, కోటు విప్పి మేకుకు తగిలిస్తూ.

ఆ రోజు పని లొబీలియా అనే పూలమొక్క నారు విడదీయడం. ఆ విత్తనం ధూళిలా ఉంటుంది, ఒక్కొక్క మొక్కనే తీయడం ఎవరి తరమూ కాదు. నాలుగైదు మొలకలను చిటికెతో కలిపి లేపి చిన్న కుండీలో కూర్చోబెట్టాలి. ట్రేల మీద 'తెలుపు' అని రాసి ఉంది. చర్చి ఆవరణలో యుద్ధంలో పోయిన సైనికుల సమాధులు నూట పన్నెండు. వాటి ముందు జూన్‌లో నాటడానికి చర్చివాళ్ళు అడిగినవి ఈ తెల్లపువ్వులే.

మొదటి ట్రే దగ్గరే ఇర్మెలి చేయి ఆగిపోయింది. మొలకల కాడలు ఊదారంగు తిరిగి ఉన్నాయి, ఆకు అడుగున రాగిఛాయ. తెల్లపువ్వు పూసే లొబీలియా కాడ లేతపచ్చగా ఉండాలి. ముదురు కాడ ముదురు నీలమే పూస్తుంది. ఆమె మిగతా ట్రేలన్నీ వరసగా చూసుకుంటూ వెళ్ళింది. అన్నీ అంతే.

ఆమెను కలవరపెట్టింది మొలకలు కాదు. నిరుడు కూడా అచ్చంగా ఇవే కాడలను ఆమె చూసింది. చూసి నోరు మెదపలేదు. అంతకు ముందెప్పుడో ఏదో విత్తనం గురించి ఒక మాట చెప్పబోతే, నర్సరీ యజమాని తపాని పదిమందిలో "నారు తియ్యడానికి వచ్చావు, విత్తనాల సంగతి నాకొదిలెయ్" అన్నాడు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. సరే, నీకే వదిలేశాను పో, అనుకుంది నిరుడు. తీరా మేలో పువ్వులన్నీ నీలంగా విచ్చుకున్నాయి. అప్పటికప్పుడు తెల్లవి ఎక్కడా దొరకలేదు. చర్చివాళ్ళ ముందు తపాని తల దించుకుని నిలబడ్డాడు. ఈ ఒక్కసారికి ఊరుకుంటామని వాళ్ళు అన్నారట.

విషయం విని సిర్కా గొంతు తగ్గించింది. "నీ మాట తప్పయిందో, కొత్త ట్రేలూ, వాటిని వెచ్చగా ఉంచే ఖర్చూ అంతా దండగ. వచ్చే మార్చిలో నీకు పిలుపు రాదు."

"రాకపోతే పోనీ. కాడ అబద్ధం చెప్పదు" అని ఇర్మెలి ఒక ట్రే ఎత్తుకుని బయలుదేరింది.

తపాని బాయిలర్ గదిలో ఉన్నాడు. ఆమె ట్రేను అతని ఎదుట పెట్టి సంగతి చెప్పింది. అతను విత్తనాల పొట్లం తెచ్చి చూపించాడు. దాని మీద తెల్లపువ్వు బొమ్మ ఉంది.

"బొమ్మ తెల్లదే. మొలక తెల్లది కాదు. నిరుడూ ఇలాగే ఉన్నాయి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. "నిరుడు చూశావా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నది నువ్వే. పంతం పట్టింది నేను. ఇద్దరిదీ తప్పే తపానీ, ఎక్కువ పాలు నాది. అందుకే ఈసారి చెప్తున్నా."

అతను బయటికి వెళ్ళిపోయాడు. కిటికీ అద్దంలోంచి చూస్తే, మంచులో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కోపం వస్తే రానీ, అది అతని హక్కు అనుకుని ఇర్మెలి బల్ల దగ్గరికి తిరిగి వచ్చి పని మొదలుపెట్టింది.

కాఫీ వేళకు తపాని వచ్చాడు. వేరే కంపెనీకి ఫోన్ చేశానని, గురువారానికి కొత్త విత్తనం వస్తుందని చెప్పాడు. "ఈ ట్రేలు పారెయ్యం. ఏం పూస్తాయో చూద్దాం. కొత్తవి మాత్రం నువ్వే చల్లాలి."

పన్నెండు వారాలే గడువు. ఇర్మెలి చల్లింది, మొలిపించింది, దీపాల కింద పెట్టింది, రోజుకు రెండుసార్లు వేళ్ళతో మట్టి తడిమి చూసింది. ఈసారి కాడలు లేత సొరతీగలా పచ్చగా లేచాయి. మే నెలాఖరుకు పాత ట్రేలు విచ్చుకున్నాయి. ఒక్క తెల్లపువ్వు లేదు, అన్నీ నీలమే. తపాని ఒక్కొక్క ట్రే ముందూ ఆగి చూశాడు. ఆ తర్వాత అందరూ వింటుండగా, పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకుంటున్నానని ఇర్మెలితో చెప్పాడు. సిర్కాకు కూడా ఆ పూట వెటకారం తోచలేదు.

జూన్ రెండోవారంలో సమాధుల ముందు మొక్కలు నాటడానికి ఇర్మెలి కూడా వెళ్ళింది. వాటిలో ఒక రాయి మీద ఆమె పెదనాన్న పేరు ఉంది. ఆ పేరు ముందు ఆమె తన చేత్తో మూడు తెల్లటి గుబుర్లు నాటి, చుట్టూ మట్టి అదిమింది.

తిరుగు దారిలో బండి నడుపుతూ తపాని అడిగాడు, ఇకమీదట ఫిబ్రవరిలోనే వస్తావా, విత్తనాలు చల్లే పని నీకే అప్పగిస్తాను అని.

"ఫిబ్రవరి అంటే గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే కాలం. అది నాది. మార్చికే వస్తా" అంది ఇర్మెలి. బండి దిగుతూ, "మొలకలు లేచాక ఫోన్ చెయ్యి. వచ్చి కాడలు చూసిపోతా" అంది.

మరుసటి ఫిబ్రవరిలో ఫోన్ వచ్చింది. ఇర్మెలి సరస్సు నుంచి నేరుగా గాలంతో సహా, మంచు బూట్లతోనే నర్సరీలోకి వచ్చి ట్రేలన్నీ ఒక చుట్టు చూసి, బాగున్నాయని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయింది.